బీజింగ్ నుంచి షియాన్ దాకా: కుటుంబంతో ఎనిమిది రోజుల్లో, తక్కువ ఖర్చులో చైనా పాత నగరాలు

చైనా అనగానే చాలామంది రాసుకునే జాబితా పెద్దదే. బీజింగ్, షాంఘై, షియాన్, గుయిలిన్, వీలైతే చెంగ్డూలో పాండాలు. ఎనిమిది రోజుల సెలవు పెట్టుకుని ఆ జాబితాతో బయలుదేరితే సగం కాలం స్టేషన్లలోనే గడిచిపోతుంది. చైనాలో మెట్రో చవక, తిండి చవక, ప్రవేశ రుసుములు కూడా భరించదగ్గవే. డబ్బు ఎక్కువగా పోయేది ఊరు మారినప్పుడల్లా నలుగురికీ కొనే రైలు టికెట్ల దగ్గర, సెలవుల రద్దీలో రెట్టింపు అద్దె అడిగే హోటళ్ల దగ్గర. కాబట్టి ఏ నగరాలు చూడాలన్నదానికంటే ముందు ఏవి వదిలేయాలో తేల్చుకోవాలి.

షాంఘైని వదిలేయమనే నా సలహా. అది గొప్ప నగరమే, కానీ చరిత్ర కోసం వెళ్లేవారికి అవసరం లేదు. బీజింగ్, లుయోయాంగ్, షియాన్ చాలు.

దారి ఎందుకు ఇలా

ఈ మూడూ ఏదో ఒక కాలంలో చైనా రాజధానులే, పైగా మూడూ ఒకే హైస్పీడ్ రైలు మార్గంలో ఉన్నాయి. బీజింగ్ నుంచి లుయోయాంగ్‌కు సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి షియాన్‌కు గంటన్నర. రెండో తరగతి టికెట్ బీజింగ్ నుంచి లుయోయాంగ్‌కు 370 యువాన్ల ప్రాంతంలో, లుయోయాంగ్ నుంచి షియాన్‌కు 175 ప్రాంతంలో ఉంటుంది. బీజింగ్ నుంచి నేరుగా షియాన్ వెళ్లినా దాదాపు అంతే పడుతుంది. అంటే మధ్యలో లుయోయాంగ్‌లో దిగడం వల్ల రైలు ఖర్చు పెద్దగా పెరగదు.

వచ్చిన దారినే వెనక్కి వెళ్లకపోవడం రెండో పొదుపు. బీజింగ్‌లో దిగి, షియాన్ నుంచి విమానం ఎక్కేలా టికెట్ తీసుకోండి. షియాన్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్‌లకు నేరుగా విమానాలున్నాయి. హైదరాబాదు నుంచి వెళ్లేవారు ఎలాగూ బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్, హాంకాంగ్ లాంటి ఏదో ఒకచోట మారాల్సిందే. 2025 అక్టోబరులో భారత్, చైనాల మధ్య నేరు విమానాలు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి ఢిల్లీ, కోల్‌కతాల మీదుగా వెళ్తే ఎంత పడుతుందో కూడా పోల్చి చూడండి. రాకపోకలకు ఒకే టికెట్ తీసుకోవడం కంటే వేర్వేరు నగరాల టికెట్ కొంచెం ఎక్కువ పడినా తొందరపడి కొట్టిపారేయకండి. షియాన్ నుంచి బీజింగ్‌కు తిరిగి వెళ్లే రైలు ఖర్చు, ఒక రాత్రి హోటలు అద్దె కూడా లెక్కలో వేసి చూడండి.

మొదటి మెట్టు: తేదీలు

చైనాలో అందరికీ ఒకేసారి సెలవులొస్తాయి. అక్టోబరు 1 నుంచి వారం రోజులు జాతీయ దినోత్సవ సెలవులు, మే 1 నుంచి అయిదు రోజులు, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వసంతోత్సవం. ఈ రోజుల్లో చైనా గోడ మీద నడక కాదు, తోపులాటే ఉంటుంది. టికెట్లు దొరకవు, గదుల అద్దెలు ఆకాశాన్నంటుతాయి. మన దసరా సెలవులు చాలా ఏళ్లలో సరిగ్గా ఆ అక్టోబరు వారం మీదే పడతాయి. దసరాకు వెళదామనుకునేవారు ముందు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలకూ అసలైన అవకాశం మే నెల రెండో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు. మన బడులకు వేసవి సెలవులు, వాళ్ల పిల్లలు మాత్రం బడిలోనే ఉంటారు. మన ఎండలతో పోలిస్తే మే నెలలో బీజింగ్ వాతావరణం హాయిగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో వాళ్లకూ వేసవి సెలవులే, పైగా ఉక్కపోత, వానలు. సంక్రాంతి సెలవుల్లో రద్దీ తక్కువ, అద్దెలు తక్కువ, కానీ బీజింగ్‌లో ఉష్ణోగ్రత సున్నాకు కిందే ఉంటుంది. చిన్నపిల్లలకు, పెద్దవాళ్లకు చలి దుస్తులు కొనే ఖర్చుతోనే ఆ పొదుపు హరించుకుపోతుంది.

రెండో మెట్టు: వీసా

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి పర్యాటక వీసా తప్పనిసరి. చైనా ప్రకటించిన 240 గంటల వీసా రహిత ప్రయాణం మనకు వర్తించదు. యూట్యూబులో చూసి వీసా అక్కర్లేదనుకునేవారు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, పాస్‌పోర్టు, ఫొటో, రానుపోను టికెట్లు, హోటలు బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇవ్వాలి. పిల్లలకు జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టు నకళ్లు జత చేయాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. వీసా చేతికొచ్చే దాకా రద్దు చేసుకోగల గదులనే బుక్ చేయండి. మధ్యలో హాంకాంగ్ చూసి మళ్లీ చైనాలోకి రావాలనుకుంటే రెండు ప్రవేశాల వీసా కావాలి. ఈ యాత్రకు అది అనవసరం.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి మాత్రం చక్కని వెసులుబాటు ఒకటుంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారు అమెరికా నుంచి భారత్‌కు వస్తూ దారిలో చైనాలో దిగితే, అది మూడో దేశానికి వెళ్లే ప్రయాణం కిందికి వస్తుంది. ముందుకు వెళ్లే టికెట్ ఖరారై ఉంటే వీసా లేకుండా 240 గంటలు ఉండవచ్చు. బీజింగ్, లుయోయాంగ్ ఉన్న హెనాన్, షియాన్ ఉన్న షాన్షీ ఈ ఏర్పాటు కింద అనుమతించిన ప్రాంతాలే. అయితే పిల్లలది అమెరికా పాస్‌పోర్టు, తల్లిదండ్రులది భారత పాస్‌పోర్టు అయితే పెద్దలకు వీసా కావాల్సిందే.

మూడో మెట్టు: ఫోను సిద్ధం చేసుకోవడం

బయలుదేరే ముందు ఒక సాయంత్రం మొత్తం దీనికే కేటాయించండి. చైనాలో ఫోను పనిచేయకపోతే నీళ్ల సీసా కొనడం కూడా కష్టమే. మన యూపీఐ అక్కడి దుకాణాల్లో నడవదు. అందరూ అలీపే, వీచాట్‌లతోనే చెల్లిస్తారు. రెండింటినీ ఇంటి దగ్గరే దించుకుని, పాస్‌పోర్టుతో గుర్తింపు పూర్తిచేసి, మీ వీసా కార్డు లేదా మాస్టర్‌కార్డు జత చేయండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలను అనుమతించడం మరచిపోవద్దు. ఓటీపీ మీ భారత నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ రోమింగ్‌లో మెసేజులు అందుకునేలా ఉండాలి. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే అలీపే 3 శాతం రుసుము తీసుకుంటుంది, అంతకు లోపు ఉంటే ఏమీ ఉండదు. భోజనం, బస్సు, చిన్న టికెట్లు సాధారణంగా ఆ లోపే ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లిద్దరి ఫోన్లలోనూ ఈ ఏర్పాటు ఉండాలి. ఒక ఫోను చార్జింగ్ అయిపోతే రెండోది ఆదుకుంటుంది. ఇవికాక కొన్ని వందల యువాన్ల నగదు దగ్గర ఉంచుకోండి.

అక్కడి వైఫైలో గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ రావు. మన సిమ్ రోమింగ్‌లో గానీ, విదేశీ ఈ-సిమ్‌లో గానీ సాధారణంగా వస్తాయి. అమ్మమ్మకు రోజూ వీడియో కాల్ చేయాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. దారి చూసుకోవడానికి అమాప్ అనే మ్యాప్ యాప్ దించుకోండి, అక్కడ గూగుల్ మ్యాప్ నమ్మదగింది కాదు. అనువాద యాప్‌లో చైనీస్ భాషను ముందే దించుకుంటే ఇంటర్నెట్ లేనిచోట కూడా పనిచేస్తుంది. టాక్సీకి దీదీ సేవ అలీపేలోనే ఉంటుంది, మెట్రో క్యూఆర్ కోడ్ కూడా అందులోనే వస్తుంది.

నాలుగో మెట్టు: టికెట్లు

రైల్వే వారి సొంత యాప్ పేరు 12306. ఆంగ్లంలో కూడా ఉంటుంది, కమీషన్ ఉండదు. పాస్‌పోర్టు పరిశీలనకు కొంత సమయం పడుతుంది కాబట్టి ఖాతా ముందే తెరవండి. టికెట్లు ప్రయాణానికి 15 రోజుల ముందు విడుదలవుతాయి. ఆ తలనొప్పి వద్దనుకుంటే ట్రిప్ డాట్ కామ్‌లో కొద్దిపాటి రుసుముతో కొనవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలకు, ఒక్కో పెద్దవారితో ఒకరి చొప్పున, విడి సీటు లేకుండా ఉచితం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు వారికి సగం చార్జీ. రెండో తరగతిలో ఒక పక్క మూడు సీట్లు, మరో పక్క రెండు ఉంటాయి. నలుగురైతే మూడు సీట్ల వైపు ఇద్దరు పిల్లలతో ఒకరు, నడవా అవతల మరొకరు కూర్చునేలా ఎంచుకోండి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. స్టేషన్ పేరు జాగ్రత్తగా చూడండి. బీజింగ్‌లో పెద్ద స్టేషన్లు చాలా ఉన్నాయి, లుయోయాంగ్ వైపు రైళ్లు ఎక్కువగా బీజింగ్ వెస్ట్ నుంచి బయలుదేరతాయి. సామాను తనిఖీ ఉంటుంది కాబట్టి గంట ముందు చేరాలి. కత్తులు, పెద్ద స్ప్రే డబ్బాలు తీసేసుకుంటారు.

ముందుగా బుక్ చేయాల్సిన వాటిలో అతి ముఖ్యమైనది నిషిద్ధ నగరం, అంటే బీజింగ్‌లోని ఒకప్పటి చక్రవర్తుల ప్రాసాదం. ఏడు రోజుల ముందు, బీజింగ్ కాలమానం ప్రకారం రాత్రి 8 గంటలకు, అంటే మనకు సాయంత్రం 5.30కి టికెట్లు తెరుచుకుంటాయి. రద్దీ రోజుల్లో త్వరగా అయిపోతాయి. అక్కడికెళ్లి కొందాములే అంటే కుదరదు. సోమవారం సెలవు. కాబట్టి బీజింగ్‌లో మీరు ఉండే రోజులను సోమవారం చూసుకునే నిర్ణయించండి. తియానన్‌మెన్ కూడలిలోకి వెళ్లడానికి కూడా విడిగా ముందస్తు నమోదు కావాలి. షియాన్ మట్టి సైన్యం (చక్రవర్తి సమాధికి కాపలాగా చేసిన మట్టి సైనికుల విగ్రహాలు) టికెట్లు సైతం పాస్‌పోర్టు నంబరుతోనే ఇస్తారు.

అయిదో మెట్టు: గదులు

బీజింగ్‌లో దోంగ్‌జ్‌మెన్ లేదా బెయ్‌షిన్‌చియావ్ మెట్రో స్టేషన్ల చుట్టుపక్కల వెతకండి. రాజధాని విమానాశ్రయం నుంచి 25 యువాన్ల ఎక్స్‌ప్రెస్ రైలు అక్కడికే వస్తుంది. చైనా గోడ వైపు వెళ్లే 916 బస్సు దోంగ్‌జ్‌మెన్ నుంచే బయలుదేరుతుంది. లుయోయాంగ్‌లో ఉండేది ఒక్క రాత్రే, మెట్రోకు దగ్గరగా ఉంటే చాలు. షియాన్‌లో మాత్రం కోట గోడ లోపలే, బెల్ టవర్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో దిగండి. సాయంత్రాలు అక్కడే గడుస్తాయి. హాన్‌టింగ్, హోమ్ ఇన్, జీ లాంటి చైనా గొలుసు హోటళ్లు శుభ్రంగా ఉంటాయి. సాధారణ రోజుల్లో 250 నుంచి 400 యువాన్లలో గది దొరుకుతుంది. విదేశీ పాస్‌పోర్టుతో ఇస్తారో లేదో బుక్ చేసే ముందు సందేశం పెట్టి కనుక్కోండి. నిరాకరించకూడదని ప్రభుత్వం చెప్పినా చిన్న హోటళ్లలో తడబాటు ఇంకా కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలుంటే మూడు మంచాల గది అడగండి, రెండు గదుల ఖర్చు తప్పుతుంది.

ఎనిమిది రోజులు ఎలా గడపాలి

మొదటి రోజు విమానం దిగి, గది చేరి, దగ్గర్లో ఏదైనా తిని పడుకోవడమే. రెండో రోజు ఉదయాన్నే నిషిద్ధ నగరం. 1420లో పూర్తయిన ఈ ప్రాసాదం ఉత్తర దక్షిణాలుగా దాదాపు కిలోమీటరు పొడవు. ప్రవేశం దక్షిణ ద్వారం నుంచి, బయటకు ఉత్తర లేదా తూర్పు ద్వారం నుంచి, వచ్చిన ద్వారం నుంచి బయటకు వెళ్లనివ్వరు. పెద్దలకు 60 యువాన్లు, నవంబరు నుంచి మార్చి వరకు 40. ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ఆవరణలు పిల్లలకు గంటలోనే విసుగు పుట్టిస్తాయి. మూడు పెద్ద మండపాలు చూశాక తూర్పు వైపు నిధుల ప్రదర్శనకు మళ్లించండి, అక్కడ వాళ్ల కళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. ఉత్తర ద్వారం ఎదురుగానే జింగ్‌షాన్ ఉద్యానం. నామమాత్రపు రుసుము. గుట్ట ఎక్కితే పసుపు పచ్చని పెంకుల కప్పులు బారులు తీరి కనిపిస్తాయి. లోపల తిరిగినప్పుడు అర్థం కాని నగర ప్రణాళిక ఇక్కడ ఒక్క చూపులో అర్థమవుతుంది.

మూడో రోజు చైనా గోడ. బదాలింగ్‌కు హైస్పీడ్ రైలు ఉంది, చవక కూడా, కానీ అందరూ అక్కడికే వెళ్తారు. పిల్లలున్నవారికి ముతియాన్యు మంచిది. బీజింగ్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. 916 ఎక్స్‌ప్రెస్ బస్సులో హువైరౌ వెళ్లి, అక్కడి నుంచి స్థానిక బస్సు లేదా టాక్సీ పట్టుకోవాలి. నలుగురుంటే టాక్సీ భారం కాదు. కుర్చీ లిఫ్టులో పైకి వెళ్లి, లోహపు జారుడు దారిలో చిన్న బండి మీద కూర్చుని కిందికి రావచ్చు. ప్రవేశ టికెట్ కంటే ఈ లిఫ్టు, జారుడు టికెట్టే ఖరీదు. బడ్జెట్ యాత్ర అయినా ఇక్కడ మాత్రం పిసినారితనం చూపకండి. పదేళ్ల తర్వాత పిల్లలకు గుర్తుండేది గోడ కట్టించిన మింగ్ రాజవంశం కాదు, ఆ జారుడే. అతి తక్కువ ధరకు చైనా గోడ చూపిస్తామనే బస్సులు జేడ్ రాళ్ల దుకాణాల దగ్గర ఆగుతూ పోతాయి, వాటి జోలికి పోవద్దు.

నాలుగో రోజు తెల్లవారే స్వర్గాలయానికి వెళ్లండి. మండపం కంటే ముందు తోట చూడాలి. విశ్రాంత ఉద్యోగులు తైచీ చేస్తూ, పాడుకుంటూ, పేకాడుకుంటూ కనిపిస్తారు. మధ్యాహ్నం షిచాహాయ్ సరస్సుల చుట్టూ హుటాంగ్ సందుల్లో తిరగండి, దానికి టికెట్ అక్కర్లేదు. తియానన్‌మెన్, వాంగ్‌ఫుజింగ్ పరిసరాల్లో చక్కని ఆంగ్లంలో పలకరించి టీ తాగుదాం రమ్మనేవారి వెంట వెళ్లకండి. చివర్లో బిల్లు వేలల్లో వస్తుంది.

అయిదో రోజు ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి లుయోయాంగ్. సామాను గదిలో పెట్టి శ్వేతాశ్వ ఆలయానికి వెళ్లండి. క్రీ.శ. 68లో, భారతదేశం నుంచి తెల్ల గుర్రం మీద గ్రంథాలు తెచ్చిన కాశ్యప మాతంగుడు, ధర్మరత్నుల కోసం కట్టించారని చెప్పే బౌద్ధాలయం ఇది. దీని ఆవరణలో భారత ప్రభుత్వం సాంచి నమూనాలో నిర్మించిన ఆలయం కూడా ఉంది. 2010లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ దాన్ని ప్రారంభించారు.

ఆరో రోజు లాంగ్‌మెన్ గుహలు. ఈ యాత్రలో ఒక్కచోట మాత్రమే తీరిగ్గా గడపాలంటే ఇక్కడే గడపమంటాను. యీ అనే నది ఒడ్డున కిలోమీటరు పొడవున 2,300కు పైగా గుహలు, గూళ్లు, దాదాపు లక్ష విగ్రహాలు. అయిదో శతాబ్దం చివర్లో మొదలైన పని ఇది. మధ్యలో 17 మీటర్లకు పైగా ఎత్తున్న వైరోచన బుద్ధుడు 675లో పూర్తయ్యాడు. సామ్రాజ్ఞి వూ జెతియాన్ తన అలంకరణ సొమ్ము నుంచి దీనికి విరాళమిచ్చిందని అక్కడి శాసనం చెబుతుంది. పశ్చిమ కొండ వైపు మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వంతెన దాటి తూర్పు ఒడ్డున కూర్చుంటే మొత్తం దృశ్యం అక్కడి నుంచే కనిపిస్తుంది. సామాను హోటల్లోనే ఉంచి, మధ్యాహ్నం తీసుకుని, లుయోయాంగ్ లాంగ్‌మెన్ స్టేషన్ నుంచి సాయంత్రం రైలులో షియాన్ చేరండి.

ఏడో రోజు మట్టి సైన్యం. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన సైన్యం ఇది. టికెట్ 120 యువాన్లు. తొమ్మిదో నంబరు మెట్రోలో హువాచింగ్ చి స్టేషన్‌కు వెళ్లి అక్కడి నుంచి బస్సు. మెట్రో బయటా, రైల్వే స్టేషన్ దగ్గరా అధికార బస్సుల్లాగే కనిపించే ప్రైవేటు బస్సులు వేరే చోట దించుతాయి, నంబరు చూసి ఎక్కండి. విగ్రహాలు మూడు గోతుల్లో ఉన్నాయి. మూడో గొయ్యి, రెండోది, ఆఖరున మొదటిది చూస్తే బాగుంటుంది. ముందే మొదటి గొయ్యి చూసినవారికి మిగతావి వెలవెలబోతాయి. కంచు రథాలు ఇప్పుడు చక్రవర్తి సమాధి ఆవరణలోని మ్యూజియంలో ఉన్నాయి. అదే టికెట్‌తో ఉచిత బస్సులో వెళ్లవచ్చు.

ఎనిమిదో రోజు ఉదయం కోట గోడ మీద సైకిళ్లు. చుట్టూ 13.7 కిలోమీటర్లు. ఇద్దరు తొక్కే సైకిళ్లు కూడా అద్దెకిస్తారు. మొత్తం తిరగనక్కర్లేదు. తర్వాత పెద్ద అడవి బాతు పగోడా. దీని వెనక ఉన్నది మన పాఠ్యపుస్తకాల్లోని హుయాన్‌త్సాంగే. భారత్ నుంచి తెచ్చిన 657 గ్రంథాల రక్షణ కోసం 652లో దీన్ని కట్టించాడు. ఆయన ఆంధ్ర దేశానికీ వచ్చాడు. అమరావతి దగ్గరి ధాన్యకటకంలోని పూర్వశైల, అపరశైల విహారాల గురించి తన యాత్రా గ్రంథంలో రాశాడు. అమరావతి చూసిన పిల్లలకు ఈ సంగతి అక్కడ నిలబడి చెప్పండి.

తిండి

మాంసాహారులకు ఇబ్బంది లేదు, పంది మాంసం వద్దనుకుంటే షియాన్ ముస్లిం వాడ స్వర్గమే. శాకాహారులు మాత్రం సిద్ధపడి వెళ్లాలి. ‘శాకాహారం’ అంటే కూరలో మాంసం ముక్కలు ఏరేసి ఇచ్చేవారుంటారు. మాంసం, చేప, ఎముకల పులుసు, పంది కొవ్వు ఏవీ వద్దని చైనీస్‌లో రాయించి ఫోనులో ఫొటోగా పెట్టుకోండి. బంగాళాదుంప, వంకాయ, మిరపకాయలు కలిపి వేయించే దీసాన్‌షియాన్, పులుపు బంగాళాదుంప తురుము, టమాటా కోడిగుడ్డు కూర దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. షియాన్‌లో వెడల్పాటి నూడుల్స్ మీద మిరపపొడి వేసి, కాగిన నూనె చుయ్‌మనిపించే యౌపో మియెన్ మన నాలుకకు బాగా నచ్చుతుంది. రైళ్లలో, హోటళ్లలో వేడినీళ్లు ఎప్పుడూ ఉంటాయి, తక్షణ ఉప్మా ప్యాకెట్లు పిల్లలను కాపాడతాయి. పాల పదార్థాలు, పండ్లు, మాంసం తీసుకెళ్లడానికి చైనా కస్టమ్స్ ఒప్పుకోదు. నెయ్యి కూడా ఆ లెక్కలోకే వస్తుంది, ఇంట్లోనే వదిలేయండి.

ఖర్చు లెక్క

ఇద్దరు పెద్దలు, ఆరేళ్లు దాటిన ఇద్దరు పిల్లలు అనుకుందాం. ఏడు రాత్రుల గదులకు 2,450 యువాన్లు, రైళ్లకు 1,650, ప్రవేశ రుసుములు, లిఫ్టులు కలిపి 1,600, తిండికి రోజుకు 250 చొప్పున 2,000, మెట్రో, బస్సు, టాక్సీలకు 1,000. మొత్తం 8,700 అవుతుంది, 9,500 అనుకుని డబ్బు సిద్ధం చేసుకోండి. యువాన్ 12 నుంచి 13 రూపాయల మధ్య ఉంటే ఇది సుమారు లక్షా పదిహేను వేల నుంచి లక్షా ఇరవై అయిదు వేలు. విమానం, వీసా ఖర్చులు విడి. పిల్లల రాయితీ కొన్నిచోట్ల వయసును బట్టి, కొన్నిచోట్ల ఎత్తును బట్టి ఇస్తారు. పాస్‌పోర్టు అసలుది దగ్గర లేకపోతే అదీ దక్కదు.

చివరి రోజు రాత్రి విమానమైతే సామాను హోటలు రిసెప్షన్‌లో ఉంచి సాయంత్రం వరకు ముస్లిం వాడలో తిరగవచ్చు. 742లో స్థాపించిన పెద్ద మసీదు ఆ సందుల్లోనే ఉంది. బయటి నుంచి చూస్తే చైనా ఆలయంలాగే కనిపిస్తుంది. విమానాశ్రయానికి షియాన్ నార్త్ స్టేషన్ నుంచి 14వ నంబరు మెట్రో వెళ్తుంది. అయితే అది రాత్రంతా నడవదు కాబట్టి, అర్ధరాత్రి తర్వాత విమానమున్నవారు కూడా మెట్రో ఉండగానే బయలుదేరి విమానాశ్రయంలో కూర్చోవడమే చవక.